కొండ ఊళ్లకు కొళాయి నీళ్లు

బరంపురంలో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాలకు వేసవి నీళ్ల కష్టం కొత్తేమీ కాదు. అయితే పర్లాకిమిడి దారిలో కనిపించే కొండల మీది వారి కష్టం వేరు. అక్కడ వానకు కొదవ లేదు, గెడ్డలు పారతాయి, అయినా తాగడానికి మంచినీళ్లుండవు. ఏటవాలు మీద పడ్డ వాన నిలవదు. బోరు వేయిద్దామంటే యంత్రం ఎక్కే దారి ఉండదు.

1992లో గంజాం నుంచి విడివడిన గజపతి జిల్లాలోని సవర గ్రామాలకు ఉద్యోగరీత్యా చాలాసార్లు వెళ్లాను. పర్లాకిమిడిలో ఉండి సవర భాషకు వ్యాకరణం రాసిన గిడుగు రామమూర్తి పంతులుగారి వల్ల ఆ పేరు మనకు పరిచయమే. అక్కడి ఆడవాళ్ల రోజు ఊట దగ్గర మొదలవుతుంది. రాతి సందులోంచి సన్నగా జారే ధార అది. మాఘమాసంలో బిందె త్వరగానే నిండుతుంది. వైశాఖం వచ్చేసరికి ఒక్క బిందెకు ఎంతసేపు కూర్చోవాలో చెప్పలేం. నిండిన బిందెతో మళ్లీ కొండ ఎక్కాలి. పశువులూ ఆ నీళ్లకే వస్తాయి. తొలకరి వానకు ఊరి పైభాగంలోని మలమూ మురికీ అంతా కొట్టుకొచ్చి ఊటలో కలుస్తుంది. వాంతులు, విరేచనాలు మొదలయ్యేది అప్పుడే.

చిత్రమేమిటంటే, ఎక్కడానికి ప్రాణం తీసే ఆ ఎత్తే నీళ్లు దింపడానికి వరం. ఊరికన్నా పైన ఊట దొరికితే దాని చుట్టూ చిన్న తొట్టి కట్టి, మూత వేసి, గొట్టం దింపితే చాలు, నీరు తనంతట తానే వస్తుంది. కరెంటు వద్దు, మోటారు వద్దు. పది మీటర్ల దిగువకు సుమారు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి వస్తుంది. మరీ లోతుకు దింపితే అతుకులు పగులుతాయి కాబట్టి మధ్యలో మరో తొట్టి కట్టి ఆ జోరు తగ్గిస్తారు. ఇసుక వడపోత ఉంటే మరీ మంచిది. ఇసుక పైపొరలో పెరిగే సన్నని జిగురు పొరే చాలావరకు రోగక్రిములను పట్టేస్తుంది.

ఇంజనీరింగు ఇంతే. అసలు చిక్కు మనుషులతో. 1971 తుఫాను సహాయానికి మద్రాసు నుంచి ఒరిస్సాకు వచ్చిన విద్యార్థుల్లో జో మడియత్ ఒకరు. ఆయన 1979లో మన బరంపురం పక్కనే మోహుదాలో ‘గ్రామ వికాస్’ సంస్థను నెలకొల్పారు. 1992లో ఆ సంస్థ నీళ్లకూ మరుగుదొడ్లకూ కలిపి ఒక పథకం చేపట్టింది. దాని షరతు వింటే మొదట ఎవరికైనా కోపం వస్తుంది: ఊళ్లో ఒక్క ఇల్లు మిగిలినా పని జరగదు. ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి, స్నానాలగది కట్టాలి. సగటున ఇంటికి వెయ్యి రూపాయల చొప్పున మూలధనం పోగుచేయాలి. అప్పుడే మరుగుదొడ్డిలో ఒకటి, స్నానాలగదిలో ఒకటి, వంటింట్లో ఒకటి కొళాయి.

పేదవాళ్ల మీద ఇంత పట్టుదలా అని నేనూ విసుక్కున్నవాణ్ణే. ఇలాంటి షరతుకే ఒప్పుకున్న ఒక ఊళ్లో రెండిళ్లవాళ్లు మొరాయించారు. ఒకరికి పాత తగువు, మరొకరికి డబ్బు లేదు. ‘‘వాళ్లను వదిలేసి కానివ్వచ్చు కదా, అమ్మా?’’ అని ఒక ముసలమ్మను అడిగాను. ‘‘వాళ్లిల్లు మా ఊటకి పైనుంది బాబూ. వాళ్లు బయటికెళ్తే తాగేది మేమే కదా’’ అంది. వచ్చీరాని తెలుగులో ఆమె చెప్పినంత సూటిగా నాకు ఏ ఇంజనీరూ చెప్పలేదు. చివరికి ఒక ఇంటి గోడ ఊరివాళ్లే ఎత్తారు. తగువు తీరడానికి మాత్రం ఇంకో పంటకాలం పట్టింది.

2019లో మొదలైన జల జీవన్ మిషన్ లక్ష్యం మనిషికి రోజుకు 55 లీటర్లు, ఇంటింటా కొళాయి. గొట్టాలు చాలా ఊళ్లకు చేరాయి. కానీ అడవి కొట్టేసిన కొండల్లో ఊటే సన్నబడుతోంది. సిక్కింలో 2008 నుంచి ‘ధార వికాస్’ పేరుతో కొండవాలున కందకాలు తవ్వి వాననీటిని ఇంకిస్తున్నారు. కందకం ఎక్కడ తవ్వాలన్నది రాతి పొరల వాలు చూసి నిర్ణయించాలి. ఒక్కోసారి ఆ చోటు కొండకు అవతలి పక్కన, మరో ఊరి పొలిమేరలో ఉంటుంది. అప్పుడు ఊళ్లో వాళ్లే కాదు, రెండు ఊళ్లవాళ్లు ఒప్పుకోవాలి.

మన సంఘాలు పండుగ ఖర్చులో కొంత మిగిల్చి ఇలాంటి పనికి ఇద్దామనుకుంటే నాదో సలహా. శిలాఫలకం వేయదగ్గ ట్యాంకుకు దాతలు ఎప్పుడూ దొరుకుతారు. తొట్టిలో ఆకులు తీసే మనిషికి నెలనెలా జీతం, తెగిన గొట్టానికి అతుకు, ఏడాదికోసారి నీటి పరీక్ష, వీటికే ఎవరూ దొరకరు. ఇవ్వదలిస్తే వీటికివ్వండి. ముందు ఆ ఊరివాళ్లు ఏటా ఎంత వేసుకుంటున్నారో అడిగి తెలుసుకోండి.