నశింపని విషములు

హైదరాబాదు నగరమునకు పశ్చిమమున మాదాపూరు అను గ్రామము ఉండెడిది. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి అచ్చట సైబర్ టవర్స్ అను భవనమును ప్రారంభించిరి. నాటి నుండి బండరాళ్లతో నిండిన ఆ ప్రాంతము హైటెక్ సిటీ యను పేర ప్రసిద్ధి చెంది, గచ్చిబౌలి వఱకు వ్యాపించి, లక్షలాది జనులకు జీవనాధారమైనది. అచ్చటి కార్యాలయములలో వందల కొలది కంప్యూటర్లు పని చేయుచుండును. అయితే కంప్యూటరునకు ఆయువు స్వల్పము. కొన్ని ఏండ్లకే అది పాతబడును. పిమ్మట దాని లోపలి పదార్థములు ఏమగును? ఈ ప్రశ్నకును పిల్లల ఎదుగుదలకును దగ్గఱి సంబంధము కలదు.

రాలిన ఆకు మట్టిలో కలిసి ఎరువగును. కాని కొన్ని పదార్థములకు అట్టి ధర్మము లేదు. పాత కంప్యూటర్లలోని భాగములను అతుకుటకు సీసము కలిసిన మాటు వాడిరి. పెట్టెల వంటి పాత మానిటర్ల గాజులోను సీసము కలదు. ప్లాస్టిక్కునకు నిప్పంటకుండుటకై బ్రోమిన్ కలిసిన రసాయనములను చేర్చిరి. సీసము మూలకము గనుక ఎన్నటికిని నశింపదు. ఆ బ్రోమిన్ రసాయనములు ఏండ్ల తరబడి మట్టిలో నిలిచి, ఆహారముతో జంతువులను చేరి, వాని క్రొవ్వులో నిలువయుండును.

చైనా దేశమునందలి గుయియు పట్టణమున పాత యంత్రములను ఇండ్ల ముంగిళ్లలోనే పగులగొట్టి, రాగి కొఱకు తీగలను కాల్చి, బంగారము కొఱకు పలకలను ఆమ్లములో ముంచెడివారు. అచ్చటి చిన్నపిల్లలను పరీక్షించిన ఒక పరిశోధన 2007లో వెలువడెను. వారి రక్తమున ప్రతి 100 మిల్లీలీటర్లకు సగటున 15 మైక్రోగ్రాముల సీసము కనబడెను. అట్టి పని లేని పొరుగు పట్టణపు పిల్లలలో అది సుమారు 10 మాత్రమే. సీసము ఎంత స్వల్పమైనను నిరపాయకరము కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

పిల్లలకే హాని అధికమగుటకు కారణములు కలవు. వారు నేలపై ఆడుకొందురు. చేతులను నోటిలో పెట్టుకొందురు. మ్రింగిన సీసమును పిల్లల శరీరము పెద్దవారి శరీరము కంటె నాలుగైదు రెట్లు అధికముగా గ్రహించును. అది కాల్షియమును పోలి ప్రవర్తించి ఎముకలలో చేరును. మెదడు వికాసమునకు అడ్డు తగులును. బ్రోమిన్ రసాయనములలో కొన్ని, ఎదుగుదలను నడపు థైరాయిడ్ గ్రంథి పనిని చెఱచును.

పుట్టుకకు ముందే ఈ హాని ఆరంభము కావచ్చును. 1979లో తైవాన్ ద్వీపమున వంటనూనెలో పి.సి.బి. అను రసాయనము పొరపాటున కలిసెను. దానిని తిన్న తల్లులకు పుట్టిన శిశువులు తక్కువ బరువుతో జన్మించిరి. పెరిగిన పిమ్మట బుద్ధి పరీక్షలలోను తోటివారి కంటె వెనుకబడిరి. ఆ నూనెను మానిన కొన్ని ఏండ్లకు పుట్టిన పిల్లలలోను ఈ లోపము కనబడెను. తల్లి శరీరమున ఆ విషము అంతకాలము నిలిచియుండుటయే దానికి కారణము.

ఇట్టి రసాయనములను అరికట్టుటకై 2001లో స్టాక్‌హోమ్ ఒడంబడిక ఏర్పడెను. 2006లో భారతదేశము దానియందు చేరెను. 2012 మే నెల నుండి మన దేశమున ఎలక్ట్రానిక్ వ్యర్థములకు ప్రత్యేక నియమములు అమలులోనికి వచ్చినవి. వాని ప్రకారము పాత యంత్రములను అనుమతి పొందిన కేంద్రములకే అప్పగింపవలయును. హైదరాబాదులోని చర్లపల్లిలో సి-మెట్ అను ప్రభుత్వ పరిశోధన కేంద్రము, పాత పలకల నుండి లోహములను వెలికితీయు శాస్త్రీయ పద్ధతులను రూపొందించినది.

ఇనుము, కాల్షియము లోపించిన పిల్లల శరీరము సీసమును మఱింత గ్రహించును. కావున ఆకుకూరలు, పాలు, రాగులు గల ఆహారము మేలు చేయును. భోజనమునకు ముందు చేతులు కడుగుకొనుట ముఖ్యము. తల్లిపాలలో ఇట్టి రసాయనములు కొంత కనబడినను, శిశువునకు వానిని మించిన ఆహారము లేదు, వానిని మాన్పరాదు. మాన్పవలసినది, పాత యంత్రములను వీధి చివర కాల్చు అలవాటు. ఆ మంట ఒక్క పూటలో ఆఱిపోవును. దాని నుండి మట్టిలో చేరిన సీసము మాత్రము, ఇంకను పుట్టని పిల్లల కాలమునకును అచ్చటనే ఉండును.