రక్తములో క్రొవ్వు రవాణా: హార్మోనుల ప్రమేయము

మొన్న మన సంఘము తరఫున రక్తపరీక్షలు జరిగిన పిమ్మట పలువురు సభ్యులు కాగితములు చేతబట్టుకొని ఆఫీసునకు వచ్చినారు. డాక్టరుగారు చెప్పినది తమిళములో, కాగితము ఇంగ్లీషులో. అందులోని ఎల్.డి.ఎల్., హెచ్.డి.ఎల్. అనునవి ఏమిటో తెలుగులో చెప్పుమన్నారు. మేము వైద్యులము కాము. అడిగి, చదివి తెలిసికొన్నంతవరకు వ్రాయుచున్నాము.

కొలెస్ట్రాలు విషము కాదు. శరీరమందలి ప్రతి కణమునకు అది కావలెను. కొన్ని హార్మోనులు దానినుండియే తయారగును. కాని నూనె నీటిలో కలియనట్లే అదియు రక్తములో కలియదు. అందుచేత ప్రోటీనులు దానిని మూటగట్టి మోయును. ఎల్.డి.ఎల్. అట్టి మూట. అవయవములకు పంచగా మిగిలిన మూటలను కాలేయము తన కణములపై ఉండు కొక్కెముల వంటి ప్రోటీనులతో పట్టి లోనికి లాగుకొనును. వీటిని కనిపెట్టిన అమెరికా వైద్యులు బ్రౌన్, గోల్డ్‌స్టెయిన్ 1985లో నోబెల్ బహుమతి పొందినారు. కొక్కెములు తగ్గినచో మూటలు రక్తములోనే తిరుగుచు ధమనుల గోడలలో దూరి పేరుకొనును. ఆ పేరుకొన్నది పగిలి, దానిపై రక్తము గడ్డకట్టినచో గుండెపోటు వచ్చును.

హార్మోనుల పని ఇక్కడనే. థైరాయిడు హార్మోను, స్త్రీల ఈస్ట్రోజెను, రెండును ఈ కొక్కెములను పెంచును. థైరాయిడు మందగించినచో తిండి మారకున్నను ఎల్.డి.ఎల్. పెరుగును. మనలో కండెలు చుట్టు ఒక అమ్మకు అట్లే జరిగినది. నూనె మానివేసినను అంకె దిగలేదు. ఒంటి బరువు, నీరసము రాట్నము వలననే అనుకొన్నది. తుదకు థైరాయిడు తక్కువని తేలినది. మాత్రలు వాడిన కొన్ని మాసములకు అంకె దిగినది.

ముట్లుడిగిన పిమ్మట ఈస్ట్రోజెను తగ్గి ఎల్.డి.ఎల్. పెరుగును. అట్లయిన ఆ హార్మోనునే ఇచ్చిన సరిపోదా అని వైద్యులు తలచినారు. ప్రొజెస్టినుతో కలిపి 2,763 మంది గుండెజబ్బు గల స్త్రీలకు ఇచ్చి చూచిన పరీక్ష ఫలితము 1998లో వెలువడినది. ఎల్.డి.ఎల్. తగ్గినది, హెచ్.డి.ఎల్. పెరిగినది, గుండెపోట్లు మాత్రము తగ్గలేదు. మొదటి సంవత్సరము ఎక్కువైనవి కూడ! 16,608 మంది స్త్రీలపై జరిగిన మరియొక పరీక్షను, మేలుకన్న కీడే హెచ్చని 2002లో మధ్యలోనే ఆపివేసినారు. ఆ మాత్రలు రక్తము గడ్డకట్టు గుణమును పెంచును. కాగితముపై అంకె బాగుపడినంతమాత్రమున ధమని బాగుపడినట్లు కాదు.

హెచ్.డి.ఎల్. సంగతియు అంతే. మిగులు కొలెస్ట్రాలును కాలేయమునకు తిరిగి చేర్చునని దానికి మంచి పేరు. దానిని పెంచుటకు టోర్సెట్రాపిబ్ అను మందు తయారుచేసినారు. హెచ్.డి.ఎల్. ఎంతో పెరిగినది. కాని ఆ మందు ఆల్డోస్టిరోన్ అను హార్మోనును, రక్తపు పోటును కూడ పెంచినది. మరణములు ఎక్కువగుటచే 2006లో ఆ పరీక్షను నిలిపివేసినారు.

మన పరీక్షలకు వచ్చిన స్త్రీలు వ్రేళ్ళమీద లెక్కింపదగినంతమందే. గుండెజబ్బు మగవారిదని తక్కినవారు ఇంటనే ఉండిపోయినారు. అది స్త్రీలకు సుమారు పదేండ్లు ఆలస్యముగా వచ్చునే కాని రాకపోదు. రాబోవు పరీక్షలకు సభ్యులు తమ ఇండ్ల ఆడవారినికూడ వెంటబెట్టుకొని రావలెను. ఎల్.డి.ఎల్. ఎక్కువగా ఉన్నవారు థైరాయిడు సంగతియు డాక్టరుగారిని అడుగవలెను.