కంటికి ఆనని నుసి

రామగుండం లాంటి థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఆవిరి టర్బైన్ నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంది. టన్నుల బరువున్న ఆ ఇరుసు తిరిగేటప్పుడు బేరింగ్‌ను తాకదు. మధ్యలో పల్చని నూనె పొర ఉంటుంది, బరువంతా దానిమీదే. అందులోకి ఇసుక రేణువో ఇనుప రజనో చేరితే బేరింగ్ లోపలి మెత్తని లోహం గీసుకుపోతుంది. రాలిన పొడి మళ్లీ నూనెలో కలిసి కొత్త గీతలు పెడుతుంది.

బాల్ బేరింగుల్లో ఈ పొర ఇంకా పల్చన, చాలాసార్లు ఒక మైక్రాన్ లోపే. తల వెంట్రుక మందమే దాదాపు 70 మైక్రాన్లు. 40 మైక్రాన్లకు తక్కువ రేణువు మామూలు చూపుకు ఆనదు. కాబట్టి నూనెను సీసాలో పోసి వెలుతురుకు పట్టి చూస్తే లాభం లేదు, లెక్కపెట్టాల్సిందే.

ఆ లెక్కకు ఐఎస్ఓ 4406 అనే ప్రమాణం ఉంది. మిల్లీలీటరు నూనెలో 4, 6, 14 మైక్రాన్లు దాటిన రేణువులు ఎన్నున్నాయో మూడు అంకెల్లో చెబుతుంది. 18/16/13లో మొదటి అంకెకు అర్థం, 4 మైక్రాన్లు దాటినవి 1300 నుంచి 2500 దాకా ఉన్నాయని. అంకె ఒకటి పెరిగితే రేణువులు రెట్టింపైనట్టే.

సీలు తీయని డ్రమ్ములోని కొత్త నూనె కూడా చాలాసార్లు యంత్రానికి కావలసినంత శుభ్రంగా ఉండదు. ఆరుబయట నిలబెట్టిన డ్రమ్ము సంగతి మరీ ఘోరం. వాన నీరు పైమూత మీద నిలుస్తుంది. పగటి ఎండకు వేడెక్కిన డ్రమ్ము రాత్రి చల్లబడి, బిరడా మరల సందుల్లోంచి ఆ నీటిని లోపలికి పీల్చుకుంటుంది. అందుకే డ్రమ్ములను షెడ్డులో, పక్కకు పడుకోబెట్టి, రెండు బిరడాలూ అడ్డంగా ఒకే మట్టంలో ఉండేలా పెట్టాలి. యంత్రంలో పోసేటప్పుడు కూడా ఫిల్టర్ గుండానే పోయాలి.

ఫిల్టర్ కొనేటప్పుడు పెట్టె మీది మైక్రాన్ల అంకె ఒక్కటే చూస్తే చాలదు, బీటా విలువ అడగాలి. బీటా 2 అయితే ఆ సైజు రేణువుల్లో సగం దాటిపోతాయి. బీటా 200 అయితే 200కి ఒక్కటే దాటుతుంది. నూనెలో కరిగిన నీటిని మామూలు ఫిల్టర్ ఆపలేదు, దానికి వాక్యూమ్ యంత్రం కావాలి. విడిగా ఉన్న నీటిని సెంట్రిఫ్యూజ్ వేరుచేస్తుంది.

ఫిల్టర్ పక్కన ఉండే ప్రెషర్ గేజ్‌ను రోజూ చూడాలి. ఫిల్టర్ నిండేకొద్దీ దానికి ముందూ వెనుకా ఉన్న పీడనాల మధ్య తేడా పెరుగుతుంది. హద్దు దాటితే చాలా ఫిల్టర్లలో బైపాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. యంత్రం ఆగదు, శబ్దం మారదు, వడకట్టని నూనె మాత్రం నేరుగా బేరింగుల్లోకి పోతూ ఉంటుంది.