డిజిటల్ యుగంలో గతాభిప్రాయాలు: జవాబుదారీతనానికి ప్రమాణాలు

వ్యాస సంగ్రహం:
ఏళ్ల క్రితం వెలిబుచ్చిన అభిప్రాయం డిజిటల్ మాధ్యమాల్లో మళ్లీ వెలుగులోకి వచ్చినప్పుడు, దానికి ఆ వ్యక్తిని ఎంతవరకు బాధ్యుణ్ణి చేయవచ్చన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పాత మాటను చెరిపివేయడం గాని, ఆ ఒక్క మాటతోనే తీర్పు చెప్పడం గాని జవాబుదారీతనం కాదని, అభిప్రాయాలను కాలక్రమంలో చదవడమే అందుకు పునాది అని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: గతాభిప్రాయం, జవాబుదారీతనం, డిజిటల్ స్మృతి, మరపు హక్కు, కాలక్రమం.

1. ఉపోద్ఘాతం:
కాలు జారితే తీసుకోవచ్చుగాని నోరు జారితే తీసుకోలేమని తెలుగువారి నానుడి. అయితే మౌఖిక సమాజంలో జారిన మాట విన్నవారి జ్ఞాపకంలో మాత్రమే నిలిచేది. కాలం గడిచేకొద్దీ దాని పదును తగ్గేది. అచ్చయిన మాట గ్రంథాలయంలో నిలిచినా, దానిని వెదకడానికి శ్రమ అవసరమయ్యేది. పైగా ఆ పుట మీద తేదీ, పత్రిక పేరు, పక్కనున్న ఇతర రచనలు కూడా కనిపించేవి. డిజిటల్ మాధ్యమం ఈ రెండు స్థితులనూ మార్చింది. వెదకడం క్షణాల పని అయింది. దొరికిన వాక్యం మాత్రం తన పరిసరాల నుంచి విడివడి వస్తోంది.

2. స్మృతి స్వభావంలో వచ్చిన మార్పు:
మానవ చరిత్రలో మరచిపోవడం సహజం, గుర్తుంచుకోవడం ప్రయత్నసాధ్యం. డిజిటల్ సాంకేతికత ఈ క్రమాన్ని తలకిందులు చేసిందని విక్టర్ మేయర్ షోన్‌బెర్గర్ 2009లో వెలువడిన ‘డిలీట్’ అనే గ్రంథంలో వివరించాడు. ఒక వ్యాఖ్యను రాసిన వ్యక్తి తొలగించినా, ఇతరులు తీసిన స్క్రీన్‌షాట్లలో, అంతర్జాల పుటలను భద్రపరిచే వేబ్యాక్ మెషీన్ వంటి భాండాగారాల్లో అది మిగిలిపోవచ్చు. శోధన యంత్రం ఫలితాలను సాధారణంగా తేదీల వరుసలో కాక, ప్రాసంగికత ఆధారంగా చూపుతుంది. అందువల్ల పద్దెనిమిదేళ్ల వయసులో అన్న మాట, నలభయ్యేళ్ల వయసులో అన్న మాట ఒకే తెరపై పక్కపక్కన నిలుస్తాయి. పాఠకునికి అవి రెండూ వర్తమానంగానే తోస్తాయి.

3. రెండు సంఘటనలు:
ఇంగ్లండు క్రికెటర్ ఓలీ రాబిన్‌సన్ 2021 జూన్‌లో లార్డ్స్ మైదానంలో తన తొలి టెస్టు ఆడుతున్న రోజే, అతడు యుక్తవయసులో చేసిన జాతివివక్షాపూరితమైన, స్త్రీలను కించపరిచే ట్వీట్లు వెలుగులోకి వచ్చాయి. అదే రోజు అతడు బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. బోర్డు అతణ్ణి తాత్కాలికంగా జట్టు నుంచి తప్పించింది. విచారణ జరిపిన క్రికెట్ క్రమశిక్షణ కమిషన్ ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం, 3,200 పౌండ్ల జరిమానా విధించింది. అయితే మూడు మ్యాచ్‌ల నిషేధం అప్పటికే పూర్తయినట్లు పరిగణించి, మిగిలిన అయిదింటిని రెండేళ్లపాటు నిలుపుదలలో ఉంచింది. తప్పును తప్పుగానే నమోదు చేస్తూ, తిరిగి ఆడే అవకాశాన్ని మిగిల్చిన నిర్ణయమిది.

సినీ దర్శకుడు జేమ్స్ గన్ విషయంలో క్రమం వేరు. అనేక ఏళ్ల కిందట అతడు రాసిన అభ్యంతరకరమైన హాస్యోక్తులను రాజకీయ ప్రత్యర్థులు 2018 జూలైలో వెలికితీశారు. వెంటనే డిస్నీ సంస్థ అతణ్ణి తొలగించింది. 2019 మార్చిలో తిరిగి తీసుకుంది. ఈ మధ్యకాలంలో ఆ పాత వాక్యాలు మారలేదు. వాటిని చదివే తీరు మారింది. తొందరపాటు తీర్పుకు, పరిశీలించి ఇచ్చిన తీర్పుకు మధ్య ఉన్న దూరాన్ని ఈ సంఘటన తెలియజేస్తుంది.

4. చట్టం పరిధి:
మరపు హక్కును గురించిన చర్చకు 2014 మే 13న ఐరోపా న్యాయస్థానం గూగుల్ స్పెయిన్ వ్యాజ్యంలో ఇచ్చిన తీర్పు కీలకమైనది. 1998 నాటి ఒక పత్రికా ప్రకటన తన పేరుతో వెదికినప్పుడల్లా కనిపిస్తోందని స్పెయిన్ పౌరుడొకరు ఫిర్యాదు చేశారు. పేరుతో వెదికినప్పుడు వచ్చే లంకెను తొలగించే బాధ్యత శోధన యంత్రానిదని న్యాయస్థానం పేర్కొన్నది. పత్రికలోని మూల ప్రకటన మాత్రం అలాగే నిలిచింది. 2018 మే నుంచి అమలులోకి వచ్చిన ఐరోపా దత్తాంశ రక్షణ నియమావళి 17వ అధికరణం తొలగింపు హక్కును గుర్తిస్తూనే, భావప్రకటనా స్వేచ్ఛకు, చారిత్రక పరిశోధనకు మినహాయింపులిచ్చింది.

భారతదేశంలో 2017 ఆగస్టు 24న పుట్టస్వామి వ్యాజ్యంలో సర్వోన్నత న్యాయస్థానం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. మనుషులు మరచిపోతారు గాని అంతర్జాలం మరచిపోదని, మనిషికి మారే అవకాశం ఉండాలని న్యాయమూర్తి సంజయ్ కిషన్ కౌల్ తన ప్రత్యేక అభిప్రాయంలో చర్చించారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టంలోని 12వ సెక్షన్ తొలగింపు హక్కును కల్పించింది. కాని వ్యక్తి తానుగా బహిరంగపరచిన వ్యక్తిగత సమాచారానికి ఈ చట్టం వర్తించదని 3వ సెక్షన్ స్పష్టం చేస్తోంది. అంటే సామాజిక మాధ్యమంలో స్వయంగా ప్రకటించిన అభిప్రాయం విషయంలో ఈ చట్టం ఇచ్చే రక్షణ అతి స్వల్పం. ఈ ప్రశ్నను చివరకు సమాజపు వివేచనే పరిష్కరించవలసి ఉంది.

5. కాలక్రమ పఠనం - సాహిత్య చరిత్ర పాఠం:
ఈ వివేచనకు సాహిత్య చరిత్ర రచన ఒక పద్ధతిని అందిస్తుంది. కందుకూరి వీరేశలింగం తన రచనల్లో అధికభాగం గ్రాంథిక భాషలో చేశారు. జీవితపు చివరి ఏడాది, 1919లో ఏర్పడిన వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షత వహించారు. సాహిత్య చరిత్రకారుడు ఇందులో ఒక దశను దాచి మరొక దశను చూపడు. రెండింటికీ తేదీలు వేసి, మధ్య జరిగిన మార్పును వివరిస్తాడు.

తన రెండు రచనల మధ్య వైరుధ్యం కనిపిస్తే, అదే విషయంపై తరువాత రాసినదానినే గ్రహించమని గాంధీ 1933 ఏప్రిల్‌లో ‘హరిజన్’ పత్రికలో సూచించారు. ఈ సూత్రం వక్త పక్షాన సమంజసమైనదే. కాని దానికొక హద్దు ఉంది. దక్షిణాఫ్రికాలో తొలినాళ్లలో ఆయన ఆఫ్రికన్లను గురించి రాసిన మాటలను చూపి ఘనా విశ్వవిద్యాలయ అధ్యాపకులు అభ్యంతరం తెలిపారు. 2016లో అక్కడ ఆవిష్కరించిన ఆయన విగ్రహాన్ని 2018 డిసెంబరులో తొలగించారు. వక్త మారవచ్చు, మొదటి మాట ఎవరిని కించపరిచిందో వారికి ఆ మాటను ప్రశ్నించే హక్కు మిగిలే ఉంటుంది. గాంధీ తదనంతర పరిణామాన్ని విస్మరించడం ఎంత అసంపూర్ణమో, ఆ తొలి రచనలను విస్మరించడమూ అంతే అసంపూర్ణం.

6. ప్రమాణాలు:
పై పరిశీలన నుంచి నాలుగు ప్రమాణాలు రూపొందుతాయి.
మొదటిది, కాలం, హోదా: ఆ మాట ఏ వయసులో, ఏ అధికారంతో అన్నది? విద్యార్థి మాటకు, పదవిలో ఉన్నవారి మాటకు తూకం ఒకటి కాదు.
రెండవది, ప్రభావం: అది కేవల అభిప్రాయమా, ఒక వర్గాన్ని అవమానించినదా, హింసకు పురికొల్పినదా?
మూడవది, అనంతర ప్రవర్తన: ఆ వ్యక్తి దానిని సమర్థించుకుంటున్నాడా, మౌనంగా తొలగించాడా, మారినట్లు చేతల్లో చూపాడా?
నాలుగవది, అనుపాతం: విధించే పర్యవసానం తప్పు పరిమాణానికి తగినదా?

7. ముగింపు:
జవాబుదారీతనం అన్న మాటలోనే జవాబు ఉంది. జవాబు చెప్పే అవకాశం లేనిచోట మిగిలేది శిక్ష మాత్రమే. పాత మాటను ఆనవాలు లేకుండా చెరిపివేస్తే, తప్పుతోపాటు మారిన మనిషి సాక్ష్యమూ పోతుంది. గాయపడినవారి ఫిర్యాదుకు ఆధారమూ పోతుంది. అందువల్ల వాక్యం నిలవాలి, దాని తేదీ నిలవాలి, తరువాతి మాట కూడా దాని పక్కనే నిలవాలి. ఉద్యోగ నియామకాల్లో, విద్యాసంస్థల విచారణల్లో అభ్యర్థుల పాత వ్యాఖ్యలను పరిశీలించేవారు ఈ మూడింటినీ కలిపి చదివినప్పుడే ఆ తీర్పు న్యాయమనిపించుకుంటుంది.