జొన్నగిరి బంగారు గని

తొలకరి జల్లులు పడినంతనే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి ప్రాంతపు చేలకు జనము బిడారులవలె చేరుదురు. పలు జిల్లాలనుండి వచ్చినవారు చెట్లక్రింద బస చేసి, అక్కడనే వండుకొని తినుచు, వాన కడిగిన నేలపై వజ్రములకై వెదకుదురు. నంద్యాలనుండి అటు పోవువారికి ఇప్పుడు మఱియొక వింత కూడ కలదు. అదియే నేలను పైనుండి తెఱచి తవ్వు బంగారు గని. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ప్రైవేటు రంగమున వెలసిన తొలి పెద్ద బంగారు గని ఇదియేనని చెప్పుదురు.

దారి పాణ్యము, బేతంచెర్ల, డోన్ మీదుగా సాగును. బేతంచెర్లలో రాయియే సరకు. తీసిన పలక తీసినట్లే అమ్ముడుపోవును. ఆళ్ళగడ్డ శిల్పి రాతిని చెక్కినపుడు రాలిన పెళ్ళలు పోయినను విగ్రహము నిలుచును. బంగారు గనిలో ఈ లెక్క తలక్రిందగును. రాలునది కొండంత, నిలుచునది రవ్వంత.

కర్ణాటకలోని బ్రహ్మగిరి వద్ద నున్న అశోకుని శాసనమున సువర్ణగిరి పేరు వచ్చును. అది ఈ జొన్నగిరియేనని కొందఱు చరిత్రకారుల అభిప్రాయము. సమీపమున ఎఱ్ఱగుడి కొండపై గల అశోకుని శాసనములు 1929లో ఒక భూగర్భ శాస్త్రజ్ఞుని కంటబడినవి. పూర్వులు బంగారమునకై తవ్విన గుంతల జాడలును ఈ ప్రాంతమున కలవు.

ఇచటి శిలలు 250 కోట్ల సంవత్సరములనాటివి. వాని పగుళ్ళలో ఒకప్పుడు పారిన ఉడుకునీరు పలుగురాతి చారలను, వానితోపాటు బంగారమును నిలిపి పోయినది. ఆ రేణువులు చాలవఱకు కంటికి కనబడవు.

ఒక టన్ను ఖనిజమున ఒకటిన్నర గ్రాముల బంగారమున్నదనుకొందము. తులము బంగారమునకు ఇంచుమించు 8 టన్నుల ఖనిజము కావలెను. ఎద్దులబండికి అరటన్ను చొప్పున 16 బండ్ల రాయి! ఖనిజమును చేరుటకై తొలగింపవలసిన వట్టి రాయి ఈ లెక్కలో చేరలేదు. గుంత అంత విశాలముగ నుండుటకు కారణమిదియే. గోడలు కూలకుండుటకై దిగుడుబావివలె మెట్లు మెట్లుగ తవ్వుదురు.

మందు పెట్టి పేల్చిన రాతిని మరలలో పిండిచేయుదురు. సయనైడు కలిపిన నీటిలో బంగారము కరగును. ఆ నీటినుండి బంగారమును ప్రత్యేకముగ సిద్ధపఱచిన బొగ్గు గ్రహించును. పిమ్మట బొగ్గునుండి విడదీసి, కరగించి కడ్డీలు పోయుదురు. 8 టన్నులలో తులము పోగా మిగిలినదంతయు బురదయే. దానిని కట్టలు కట్టి కాపాడవలెను.

ఇట్టి గుంత ఎంతవఱకు పెరుగునో చూడగోరువారికి ఆస్ట్రేలియాలోని కాల్గూర్లీ గని నిదర్శనము. పొడవు మూడున్నర కిలోమీటర్లు, వెడల్పు ఒకటిన్నర, లోతు 600 మీటర్లు. చక్రములపై ఇల్లు కట్టుకొని దేశము తిరుగు యాత్రికులు అచట ఆగి, గట్టుపైనుండి దానిని చూతురు.

కాని గని ముగిసినపుడేమగునో తెలియుటకు అంత దూరము పోనక్కరలేదు. కోలారు గనులలో తెలుగువారు అనేకులు పనిచేసిరి. 1880 ప్రాంతమున ఆధునిక పద్ధతిని మొదలై, మూడు కిలోమీటర్లకు మించి లోతు దిగిన ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడినవి. బంగారము ఎచటికో పోయినది. సయనైడు బురద గుట్టలు మాత్రము ఊరివారికి మిగిలినవి. గాలి వీచినపుడు వాని దుమ్ము ఇండ్లలోనికి వచ్చును.

గని మూసివేతకు ముందుగనే ప్రణాళిక సమర్పింపవలెనని మన చట్టము చెప్పుచున్నది. ఆ గుంతను ఏమి చేయుదురు, బురదను ఎవరు కాతురు, చేలకు, బావులకు నీరు నిలుచునా అని మొదటనే అడుగుట జొన్నగిరి చుట్టుపట్ల గ్రామములవారి హక్కు. మన పెట్టెలోని తులము బంగారము మనుమరాండ్ర వఱకు నిలుచును. దానికై తెఱచిన నేలయు వారి వఱకు నిలువవలెను గదా!