రంగు కింది రేకు

తల్లిదండ్రులు వదిలి వెళ్ళిన వాటిలో కొన్నింటిని పంచుకోవడం సులభం. పొలాన్ని గుంటల్లో కొలవవచ్చు, బంగారాన్ని తులాల్లో తూచవచ్చు. హుస్నాబాద్‌లోని మా ఇంటి ఆవరణలో, వేపచెట్టు కింద, ఆరేళ్ళుగా టార్పాలిన్ కప్పుకొని నిలిచిపోయిన అంబాసిడర్ కారును మాత్రం దేనితో కొలవాలో మాకు తెలియలేదు.

అది 1984 నాటి మార్క్ 4. అబ్బాజాన్ దానిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఆపా పెళ్ళినాడు వధువును అత్తవారింటికి తీసుకువెళ్ళింది ఆ కారే. అమ్మీకి కాన్పు నొప్పులు మొదలైన రాత్రి కరీంనగర్ ఆసుపత్రికి చేర్చిందీ అదే. వాడలో ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరింట జనాజా ఉన్నా అబ్బాజాన్ తాళంచెవి తీసుకొని బయలుదేరేవారు. ఆయన కన్నుమూశాక ఆ తాళంచెవి అల్మారాలోనే ఉండిపోయింది.

గత ఏడాది ఒక బ్రోకర్ వచ్చాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, “లోపల ఏముందో ఎవరు చూస్తారు భాయ్? డోర్ల కింద లప్పం పెట్టించండి, పైన ఒక కోటు తెల్లరంగు కొట్టించండి. పెళ్ళిళ్ళకు కిరాయికి తిప్పేవాళ్ళు ఎగబడి కొంటారు” అన్నాడు. అతడు చెప్పిన ధర తక్కువేమీ కాదు. ఇంట్లో అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. అమ్మీ మాత్రం, “అందులో కూర్చునేది ఎవరి బిడ్డో!” అని ఊరుకున్నారు.

ఆ ఒక్క మాట నుంచే ఈ పని మొదలైంది. పాత కారుకు తిరిగి రూపం తేవాలనుకునే కుటుంబాలకు ఉపయోగపడుతుందన్న ఆశతో మా అనుభవాన్ని ఇక్కడ రాస్తున్నాము.

అయస్కాంతం చెప్పిన నిజం

హైదరాబాద్‌లోని చౌమహల్లా ప్యాలెస్ చూసినవారికి అక్కడి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ గుర్తుండే ఉంటుంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ తయారు చేయమని కోరిన ఆ కారు ఆయన మరణానంతరం ఏడవ నిజాం కాలంలో చేరింది. అటువంటి వాహనాలను కాపాడటానికి నిపుణులుంటారు, నిధులుంటాయి. మన ఇండ్ల కార్లకు మన చేతులే దిక్కు. అందువల్ల మొదట తెలుసుకోవలసింది రంగు గురించి కాదు, రేకు గురించి.

అంబాసిడర్ బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనాపై రూపొందింది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 1950ల చివరి నుంచి 2014 మే వరకు తయారైంది. లారీకి, జీపుకు ఉన్నట్లు దీనికి విడిగా ఛాసిస్ ఉండదు. అడుగు రేకులు, డోర్ల కింద పొడవునా ఉండే పెట్టె వంటి పట్టీలు, స్తంభాలు, పైకప్పు అన్నీ కలిసి ఒకే అస్థిపంజరంగా పనిచేస్తాయి. డోర్ల కింది పట్టీ తుప్పుపట్టిందంటే పాడైంది అందం కాదు, బండి ఎముక.

పరీక్ష చాలా సులువు. చిన్న అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి బండి ఒంటిపై మెల్లగా జరపాలి. రేకు ఉన్నచోట అది అంటుకుంటుంది. లప్పం దట్టంగా ఉన్నచోట జారిపోతుంది. మా కారు బానెట్‌పై, పైకప్పుపై అది గట్టిగా పట్టింది. ఎడమవైపు డోర్ల కింద మూరెడు పొడవున ఎక్కడా నిలవలేదు. స్క్రూడ్రైవర్‌తో నొక్కితే మొన లోపలికి దిగిపోయింది. లప్పం పెళ్ళగించి చూస్తే లోపల పాత దినపత్రికను ఉండలు చేసి కుక్కి ఉన్నారు.

సుమారు పదిహేనేళ్ళ క్రితం అబ్బాజాన్ ఒక షెడ్డులో పూర్తి డబ్బు చెల్లించి ఈ కారుకు డెంటింగ్, పెయింటింగ్ చేయించారు. బండి మెరిసిపోతూ వచ్చిన ఆ రోజు ఆయన ఎంత సంతోషించారో మాకు గుర్తుంది. కాగితం మీద నిలిచిన ఆ పట్టీని నమ్ముకొనే ఆయన తర్వాతి ఏళ్ళలో మా పిల్లలను బడికి తీసుకువెళ్ళారు.

అయితే తప్పంతా ఆ షెడ్డుదే అనడం న్యాయం కాదు. ఆరేళ్ళు టార్పాలిన్ కప్పి వదిలేసింది మేమే. గాలి ఆడని ప్లాస్టిక్ కింద నేల తేమ పైకి లేచి రేకుకు పడుతుంది. ఎండకు ఆవిరై, రాత్రికి మళ్ళీ నీటి బొట్లుగా మారుతుంది. కప్పు ఉన్న చోట నిలిపి, గాలి ఆడే నూలు గుడ్డ కప్పి ఉంటే తుప్పు సగం తగ్గేదని డెంటింగ్ ఉస్తాద్ అన్నారు.

ముందు వాటా, తర్వాత సుత్తి

పని మొదలుపెట్టే ముందు ఇంకొక లెక్క తేలవలసి ఉంది. కారు అబ్బాజాన్ ఆస్తి. అందులో అమ్మీకీ, ఇద్దరు అన్నదమ్ములమైన మాకూ, ఇద్దరు అక్కచెల్లెళ్ళకూ హక్కుంది. అబ్బాజాన్ తల్లిదండ్రులు అంతకుముందే లేరు. షరీఅత్ ప్రకారం మొత్తాన్ని 48 భాగాలు చేస్తే అమ్మీకి 6, కుమారులకు 14 చొప్పున, కుమార్తెలకు 7 చొప్పున వస్తాయి. “పాత ఇనుము, దానికేం లెక్క?” అంటూ ఆరేళ్ళు ఆలస్యం చేశాము. ఆ మాట అనే హక్కు వాటా ఇవ్వవలసిన వారికి లేదు, వాటా పొందవలసిన వారికే ఉంది.

మరమ్మతుకు ముందున్న స్థితిలోనే కారుకు ధర కట్టించాము. దానిని ఉంచుకోదలచిన తమ్ముడు మిగిలిన వారి వాటాలను నగదుగా చెల్లించాడు. ఆ తర్వాతి ఖర్చు అతనిది. ఈ వరుస తప్పితే రేపు ఎవరి డబ్బుతో ఎవరి ఆస్తి బాగుపడిందన్న వివాదం మిగులుతుంది.

చట్టం మాట కూడా చెప్పాలి. వాహన యజమాని మరణిస్తే 30 రోజులలోగా రవాణా కార్యాలయానికి తెలియజేసి, మూడు నెలలలోగా ఫారం 31తో బదిలీకి దరఖాస్తు చేయాలి. మేము ఆ గడువు దాటినందుకు జరిమానా కట్టాము. అబ్బాజాన్ పత్రాలు కరీంనగర్ జిల్లావి. 2016 అక్టోబర్ నుంచి హుస్నాబాద్ సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది గనుక కాగితాలు అక్కడికి మార్చుకున్నాము. 15 ఏళ్ళు దాటిన కారుకు ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. 2021 జూలైలో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు 50 ఏళ్ళు నిండిన బండ్లకే వర్తిస్తాయి. మా కారుకు ఆ వయసు 2034లో వస్తుంది. ఇక రంగు. అది ఆర్‌సీలో నమోదై ఉంటుంది. మార్చాలంటే అనుమతి కావాలి. పాత రంగునే తిరిగి వేయడం అన్నివిధాలా మేలు.

విప్పడం, గీకడం, అతకడం

నవంబర్‌లో పని మొదలైంది. బంపర్లు, దీపాలు, బీడింగులు, డోర్ హ్యాండిళ్ళు ఒక్కొక్కటే విప్పాము. ప్రతి భాగాన్నీ విప్పకముందు ఫోటో తీసి, దాని బోల్టులను విడి సంచిలో వేసి పేరు రాశాము. ఈ పని పిల్లలు చేశారు. నాలుగు నెలల తర్వాత తిరిగి బిగించేటప్పుడు మమ్మల్ని కాపాడింది ఆ సంచులే.

పాత రంగును గీకేటప్పుడు మాత్రం పిల్లలను దగ్గరకు రానీయలేదు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. మన దేశంలో ఇంటి రంగులలో సీసం 90 పీపీఎం మించరాదన్న నియమం కూడా 2017 నవంబర్ నుంచే అమలులోకి వచ్చింది. అందుచేత పొడిగా రుద్దకుండా వాటర్ పేపర్‌తో తడిపి రుద్దాము. ఆ మడ్డిని మోరీలోకి వదలకుండా డబ్బాలో పట్టాము. పని బట్టలను ఇంటి బట్టలతో కలిపి ఉతకలేదు.

వెల్డింగ్‌కు ముందు పెట్రోలు ట్యాంకు దించి, బ్యాటరీ తీసివేయాలి. డోర్ల కింది పట్టీని కోసేటప్పుడు ఇంకొక జాగ్రత్త ఉంది. బండికి అన్నివైపులా ఆధారాలు పెట్టి, స్తంభాల మధ్య ఇనుప కడ్డీ అడ్డంగా అతికి, ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోవాలి. లేకపోతే బండి నడుము వంగిపోయి, తర్వాత డోర్లు పడవు. ఉస్తాద్ కుళ్ళిన రేకును గట్టి లోహం దొరికే దాకా కోసి, 18 గేజ్ కొత్త రేకును వంచి అతికారు. గ్యాస్ వేడికి పలుచని రేకు మెలితిరుగుతుంది గనుక మిగ్ వెల్డింగ్ వాడారు. అది కూడా ఒకేచోట సాగదీయకుండా, చుక్కలు చుక్కలుగా, చల్లారనిస్తూ చేశారు.

సొట్టలను సుత్తి, దిమ్మెలతో వీలైనంత సమం చేశాకే లప్పం. లప్పం చెడ్డది కాదు. రెండు మూడు మిల్లీమీటర్ల లోపు, గట్టి రేకుపై, చిన్న లోటు సరిచేయడానికే అది పుట్టింది. రంధ్రాన్ని కప్పడానికి వాడినప్పుడే అది మోసమవుతుంది.

శుభ్రం చేసిన రేకును ఒక్క రాత్రి కూడా నగ్నంగా వదలరాదు. మంచుకే ఎర్రని పొర పడుతుంది. అందువల్ల ఏ రోజు గీకిన భాగానికి ఆ రోజే చేతికి తొడుగులు వేసుకొని, బ్రష్‌తో ఎపాక్సీ ప్రైమర్ పూశాము.

పొరుగింటి పిల్లవాడు

ఇక పై రంగు. స్ప్రే గన్, కంప్రెసర్ అద్దెకు తెచ్చి ఇంట్లోనే కొట్టాలన్నది తమ్ముడి కోరిక. కానీ నేడు కార్లకు వాడే 2కే రంగులో కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటి తుంపర పీల్చినవారికి ఉబ్బసం రావచ్చు. ఒకసారి ఆ గుణం అంటుకుంటే తర్వాత కొద్దిపాటి వాసనకే దమ్ము ఎగబోస్తుంది. మూతికి కట్టే గుడ్డ, మామూలు మాస్కు దానిని ఆపలేవు. గొట్టం ద్వారా బయటి మంచి గాలి అందించే ముసుగు కావాలి.

మా గోడకు ఆనుకొని ఉన్న ఇంట్లో ఉబ్బసం ఉన్న పిల్లవాడు ఉన్నాడు. ప్రైమర్ పూసిన రోజే వాళ్ళు కిటికీలు మూసుకున్నారు. ఒక్క మాట అనలేదు. పొరుగువారి హక్కు వారు నోరు తెరిచి అడిగినప్పుడే మొదలవదు గదా! మరునాడు తమ్ముడే వెళ్ళి క్షమాపణ కోరి వచ్చాడు. స్ప్రే పని ఇంట్లో వద్దనుకున్నాము. బండిని క్యారియర్ మీద ఎక్కించి, గాలిని వడపోసే గది ఉన్న కరీంనగర్ షెడ్డుకు పంపాము. పని ఒప్పుకునే ముందు అక్కడి కుర్రవాళ్ళకు సరైన ముసుగులు ఉన్నాయో లేదో చూశాము. మన పిల్లవాడికి వద్దనుకున్న విషం ఇంకొకరి పిల్లవాడికి అప్పగించలేము.

డాష్‌బోర్డు అడుగున ఎండ తగలని చోట అసలు బూడిదరంగు చెక్కుచెదరకుండా దొరికింది. దానికి సరిపోల్చే రంగు కలిపించాము. సర్ఫేసర్ కొట్టాక దానిపై నల్లరంగును పలుచగా చల్లి, చెక్క దిమ్మెకు చుట్టిన వాటర్ పేపర్‌తో రుద్దాము. నలుపు మిగిలిన చోటు పల్లం, వెంటనే పోయిన చోటు మిట్ట. కంటికి కనపడని లోపాన్ని ఈ పద్ధతి పట్టిస్తుంది. కాలం కూడా ముఖ్యమే. వానాకాలపు తేమలో రంగు పాలిపోతుంది. మే నెల ఎండలో రేకును తాకకముందే తుంపర ఆరి గరుకు తేలుతుంది. మన ప్రాంతంలో చలికాలంలో, పొద్దెక్కి మంచు ఆరిన తర్వాత మొదలుపెట్టడం మంచిది.

నాలుగు నెలల శ్రమలో పై రంగు కొట్టడానికి పట్టింది ఒకటిన్నర రోజు. చూసేవారికి కనపడేది ఆ ఒకటిన్నర రోజే.

చివరగా పట్టీల లోపలికి మైనపు పూత ఎక్కించి, డోర్ల అడుగున నీరు పోయే రంధ్రాలన్నీ తెరిచి ఉన్నాయో లేదో చూసుకున్నాము. మిగిలిన థిన్నర్‌ను నేలపై పారబోయకుండా మూత బిగించి షెడ్డుకే అప్పగించాము. బోరునీళ్ళు తాగే వాడ మాది.

డ్యాష్ అరలో ఒక ఫైలు

బండి ఇంటికి వచ్చాక ఆ బ్రోకర్ మళ్ళీ వచ్చాడు. ఈసారి రెండింతల ధర చెప్పాడు. తమ్ముడు అమ్మనన్నాడు. రేపు ఏదో అవసరం వచ్చి అమ్మవలసి వస్తే మాత్రం కొనేవారికి చూపడానికి డ్యాష్ అరలో ఒక ఫైలు పెట్టాడు. కుళ్ళిన పట్టీ, దానిలోంచి తీసిన కాగితపు ఉండలు, కోసిన చోటు, అతికిన కొత్త రేకు, ఇంకా లప్పం ఉన్న చోట్లు, అన్నింటి ఫోటోలూ, బిల్లులూ అందులో ఉన్నాయి.

ధాన్యపు రాశి అడుగున తడి గింజలు దాచిన వర్తకుణ్ణి, అందరికీ కనపడేలా పైన ఎందుకు ఉంచలేదని దైవప్రవక్త (స) మందలించిన ఉదంతం మనం చిన్ననాటి నుంచి వింటున్నదే. పాత కార్ల సంతలో ఆ తడి గింజల పేరే లప్పం.

మొన్న శుక్రవారం అమ్మీని ముందు సీట్లో కూర్చోబెట్టుకొని తమ్ముడు ఊరంతా తిప్పి తెచ్చాడు. దిగేటప్పుడు ఆమె వంగి, డోరు కింది పట్టీని వేళ్ళతో తట్టి చూశారు. ఇనుము మోగింది.