ప్రతి ఫ్రేమూ ఒక కొలత: డ్రోన్, వీడియో ఎడిటింగ్‌తో సైన్సు పాఠం

నాలుగడుగుల ఎత్తు నుంచి క్రికెట్ బంతిని వదిలితే అది నేలను తాకడానికి సుమారు అర సెకను పడుతుంది. ఆ కాస్త వ్యవధిలో బంతి వేగం ఎలా పెరిగిందో కంటికి ఆనదు. స్టాప్‌వాచ్‌తో కొలుద్దామంటే, బటన్ నొక్కడంలో జరిగే ఆలస్యమే లెక్కను తారుమారు చేస్తుంది. అందుకే గురుత్వ త్వరణం విలువ 9.8 అని పుస్తకంలో చదివి పరీక్షలో రాయడమే తప్ప, దాన్ని స్వయంగా కొలిచి చూసే అవకాశం చాలామంది విద్యార్థులకు దొరకదు.

అదే బంతిని సెల్‌ఫోన్‌తో వీడియో తీస్తే సంగతి మారుతుంది. సెకనుకు 30 ఫ్రేములు తీసే ఫోన్‌లో ఆ అర సెకను 15 ఫ్రేములుగా నమోదవుతుంది. బంతి పడే దారి పక్కనే ఒక పొడవాటి స్కేలు నిలబెట్టి, ఎడిటింగ్ యాప్‌లో మూడేసి ఫ్రేములు జరుపుతూ బంతి స్థానాన్ని రాసుకుంటే చాలు. మూడు ఫ్రేములంటే సెకనులో పదోవంతు. మొదటి పదోవంతులో బంతి దాదాపు 4.9 సెంటీమీటర్లు దిగుతుంది. ఆ తర్వాతి పదోవంతుల్లో వరుసగా 14.7, 24.5, 34.3, 44.1 సెంటీమీటర్లు దిగుతుంది. ఈ దూరాల నిష్పత్తి 1:3:5:7:9. దాదాపు 400 ఏళ్ల కిందట గెలీలియో ఏటవాలు పలక మీద గోళాలు దొర్లించి కనిపెట్టిన క్రమం ఇదే.

గుర్రం పరుగుతో మొదలు

చలనాన్ని ముక్కలు చేసి చూడటం కొత్త ఆలోచన కాదు. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి గాల్లో ఉంటాయా అన్న ప్రశ్నకు 1878లో కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ జవాబు చూపాడు. దారి వెంట వరుసగా కెమెరాలు పెట్టి, గుర్రం దాటుతూ దారాలను తెంచినప్పుడల్లా ఒక్కో కెమెరా ఫొటో తీసేలా ఏర్పాటు చేశాడు. కాళ్లు నాలుగూ గాల్లో ఉన్న మాట నిజమే. కానీ అప్పటి చిత్రకారులు గీసినట్టు ముందుకీ వెనక్కీ చాచినప్పుడు కాదు, పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు.

అప్పట్లో అన్ని కెమెరాలతో చేసిన పని ఇప్పుడు ఒక్క ఫోన్‌తో అవుతుంది. ఫ్రేముల నుంచి స్థానం, వేగం, త్వరణం లెక్కగట్టే ‘ట్రాకర్’ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. భౌతికశాస్త్రం బోధించేవారి కోసమే దాన్ని తయారుచేశారు. అది లేకపోయినా ఫ్రేములు ఒక్కొక్కటిగా జరిపే ఏ ఎడిటింగ్ యాప్ అయినా, ఒక గ్రాఫ్ కాగితం అయినా సరిపోతాయి.

పైనుంచి చూస్తే కుంట ఎంత?

నేల మీద నిలబడి తీసిన వీడియోకు ఒక పరిమితి ఉంది. దగ్గరివి పెద్దగా, దూరానివి చిన్నగా కనిపిస్తాయి కాబట్టి ఒకే స్కేలు చిత్రమంతటికీ వర్తించదు. డ్రోన్ కెమెరాను నిట్టనిలువుగా కిందికి తిప్పి, చదునైన నేలను ఫొటో తీస్తే ఈ ఇబ్బంది చాలావరకు తొలగిపోతుంది.

ఊరి కుంట విస్తీర్ణం కొలవాలనుకుందాం. గట్టు మీద సరిగ్గా 20 మీటర్ల దూరంలో రెండు తెల్లని గుడ్డలు పరిచి, 50-60 మీటర్ల ఎత్తు నుంచి ఫొటో తీశారు. చిత్రంలో ఆ గుడ్డల మధ్య 1000 పిక్సెళ్లు ఉన్నాయి. అంటే ఒక పిక్సెల్ నేల మీద 2 సెంటీమీటర్లకు సమానం. ఇప్పుడు చిత్రం మీద 100 పిక్సెళ్ల భుజంతో గళ్లు గీస్తే ఒక్కో గడి 2 మీటర్ల చదరం, అంటే 4 చదరపు మీటర్లు. నీళ్లున్న గళ్లు 600 వస్తే కుంట 2400 చదరపు మీటర్లు. పిల్లలకు ఇంట్లో వినిపించే లెక్కలో చెప్పాలంటే 60 సెంట్లకు, అంటే 24 గుంటలకు, కాస్త తక్కువ.

అసలు పాఠం ఆ తర్వాతే మొదలవుతుంది. గుడ్డల మధ్య దూరం కొలవడంలో ఒక శాతం పొరపాటు జరిగితే విస్తీర్ణంలో రెండు శాతం తేడా వస్తుంది. డ్రోన్ రెట్టింపు ఎత్తుకు వెళితే ఒక్కో పిక్సెల్ నాలుగింతల నేలను కప్పుతుంది, అంచులు అంత స్పష్టంగా తెలియవు. గట్టు పక్క చెట్టు నీడలో ఉన్న గడిని నీళ్ల కింద లెక్కించాలా, నేల కిందా? జట్టులో నలుగురు ఉంటే నాలుగు జవాబులు వస్తాయి. ఆ జవాబుల మధ్య ఉన్న తేడాయే కొలతలోని అనిశ్చితి. వానాకాలం చివర ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి తీసిన చిత్రాలను పోల్చితే అదే లెక్క ఊరి నీటి కథ చెబుతుంది.

ఈ లెక్కతో బడి బయట కూడా పని ఉంది. 2020 ఏప్రిల్‌లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ‘స్వామిత్వ’ పథకం కింద సర్వే ఆఫ్ ఇండియా డ్రోన్లతో గ్రామాల్లోని నివాస ప్రాంతాల పటాలు తయారుచేస్తోంది. వాటి ఆధారంగా ఇంటి యజమానులకు ఆస్తి కార్డులు అందుతున్నాయి. తన ఇంటి హద్దు ఒక చిత్రంలో గీతగా మారుతున్నప్పుడు, ఆ గీత ఎలా వచ్చిందో, ఎక్కడ పొరపాటుకు వీలుందో తెలిసిన మనిషి సరైన ప్రశ్న అడగగలడు.

ఎడిటింగ్ నేర్పే అనుమానం

వీడియోతో కొలవవచ్చు, అబద్ధమూ చెప్పవచ్చు. ఎడిటింగ్ చేతికి వచ్చిన విద్యార్థికి ఈ రెండో సంగతి త్వరగా అర్థమవుతుంది. బంతి పడే వీడియోనే సగం వేగానికి తగ్గించి మళ్లీ కొలిస్తే ఏమవుతుంది? సమయం రెట్టింపైంది, దూరం మారలేదు. త్వరణం లెక్కలో సమయానికి వర్గం ఉంటుంది కాబట్టి 9.8 రావలసిన చోట నాలుగోవంతు, అంటే 2.45 వస్తుంది. వేగాన్ని రెట్టింపు చేస్తే 39.2 వస్తుంది.

అంటే పడుతున్న ఏ వస్తువైనా వీడియోకు సాక్షి కాగలదు. ఫ్రేములో తెలిసిన పొడవు గల వస్తువు ఒకటుండి, గాలి నిరోధం పెద్దగా లేని బరువైన వస్తువు ఏదైనా కింద పడుతుంటే, ఆ దృశ్యం వేగాన్ని ఎవరైనా మార్చారేమో పట్టుకోవచ్చు. తరగతిని రెండు జట్లు చేసి, ఒక జట్టు కొన్ని వీడియోల వేగం మార్చి ఇస్తే, రెండో జట్టు కొలిచి దొంగ వీడియోలేవో తేల్చే ఆట ఆడించవచ్చు. ఒక జాగ్రత్త అవసరం: కొన్ని ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేముల సంఖ్యను తామే మార్చుకుంటాయి. కాబట్టి కొలతకు ముందు, సెకన్ల ముల్లున్న గడియారాన్ని వీడియో తీసి సరిచూసుకోవాలి.

డ్రోనే ఒక ప్రయోగశాల

ఎగిరే యంత్రమే మరో పాఠం. నాలుగు రెక్కల డ్రోన్‌లో రెండు రెక్కలు సవ్యదిశలో, రెండు అపసవ్యదిశలో తిరుగుతాయి. అన్నీ ఒకే వైపు తిరిగితే న్యూటన్ మూడో నియమం ప్రకారం డ్రోన్ ఒళ్లు ఎదురు దిశలో గిర్రున తిరుగుతుంది. 250 గ్రాముల డ్రోన్ గాల్లో కదలకుండా నిలవాలంటే ఒక్కో రెక్క సుమారు 0.6 న్యూటన్ల బలంతో పైకి నెట్టాలి. చాలా డ్రోన్లు ఎత్తు తెలుసుకోవడానికి గాలి పీడనాన్ని కొలుస్తాయి. నేలకు దగ్గరలో ఒక మీటరు పైకి వెళితే పీడనం దాదాపు 12 పాస్కళ్లు తగ్గుతుంది.

ఎగరేసే ముందు

2021 నాటి డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు, అంతకు తక్కువ బరువున్నవి నానో డ్రోన్లు. వీటికి పైలట్ ధ్రువపత్రం అక్కర్లేదు. అయినా ఎక్కడ పడితే అక్కడ ఎగరేయడానికి వీల్లేదు. డిజిటల్ స్కై పోర్టల్‌లోని పటంలో తమ బడి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాల్లో దేనిలో ఉందో ఉపాధ్యాయులు ముందుగా చూసుకోవాలి. రెక్కలకు రక్షణ చట్రాలు ఉండాలి, ఉబ్బిన బ్యాటరీని వాడకూడదు. ఒకరు డ్రోన్ నడుపుతుంటే మరొకరు కళ్లు తిప్పకుండా దాన్నే గమనించాలి. అనుమతి లేకుండా ఇళ్లను, మనుషులను చిత్రీకరించకూడదు. ఇది కూడా పాఠంలో భాగమే.

డ్రోన్ లేని బడికీ దారి ఉంది. మేడ మీద నుంచి ఫోన్‌ను నేల వైపు తిప్పి పట్టుకుంటే మైదానంలో కబడ్డీ కోర్టును ఇదే పద్ధతిలో కొలవవచ్చు. తర్వాత టేపుతో కొలిచి, రెండు అంకెలనూ పక్కపక్కన రాసుకోవాలి. అవి కలవకపోతే ఎందుకు కలవలేదో వెతకడమే ఆ రోజు పాఠం.